పచ్చబొట్టు పొడిపించుకునే ముందు



పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని అందరం కాస్త నడుం వాల్చిన వేళ, మా అమ్మాయి నా పక్కన చేరి, "అమ్మా, నేను టాటూ వేయించుకుంటాను" అంది. దానికి పందొమ్మిదేళ్ళు. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నేను గబుక్కున లేచి కూర్చున్నాను. మావారు పేపరు కిందికి దించి ఒకసారి చూసి, మళ్ళీ పైకెత్తుకున్నారు. మా అత్తగారు మాత్రం "టాటూ అంటే ఏమిటే?" అని మనవరాలిని అడిగి, అది ఫోనులో బొమ్మలు చూపించాక, "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పచ్చబొట్టా? దీనికింత హడావుడా?" అంటూ గాజులు వెనక్కి తోసి తన ముంజేతి మీది తేలు బొమ్మ చూపించారు. పెళ్ళికి ముందు పుట్టింటి అరుగు మీద పొడిపించుకున్నదట.

నేను మాత్రం వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. చెప్పాలంటే నా జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించాలి.

నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు, నేను మోచేతుల దాకా చేతులున్న జాకెట్లే వేసుకుంటాను, మే నెల ఎండల్లో కూడా. పెద్దింటి పద్ధతి అనుకుంటారు కొందరు. పద్ధతీ కాదు, పాడూ కాదు. నా ఎడమ జబ్బ మీద ఒక పచ్చబొట్టుంది. అది మావారి పేరు కాదు.

ఈ సంగతి రేడియోలో చెప్పనా వద్దా అని మావారిని అడిగాను. "నలుగురికీ పనికొచ్చేదైతే చెప్పు, నాదేం పోయింది?" అన్నారు. అందుకని చెబుతున్నాను.

నాకు పదకొండో ఏడు. మా ఊరి తిరునాళ్ళు. మా మేనత్త నన్ను పుట్టినప్పటినుంచీ "కోడలా" అనే పిలిచేది. ఆవిడ కొడుక్కి నన్ను చేసుకుంటారని ఊరంతా అనుకునేవారు. ఆ తిరునాళ్ళలో చింతచెట్టు కింద ఒకతను బ్యాటరీ మెషీను పెట్టుకు కూర్చున్నాడు. వెనకాల అట్ట మీద ఆంజనేయస్వామి, త్రిశూలం, తేలు, గులాబీ, ఇంకా రకరకాల బొమ్మలు. మా అత్తయ్య నా చేతిలో జీళ్ళ పొట్లం పెట్టి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బావ పేరు చెప్పింది. మూడక్షరాలు. నన్నెవరూ అడగలేదు. అడిగినా నేను సరేననే అనేదాన్ని, పదకొండేళ్ళ దానికి ఏం తెలుసు గనక! నాకు ముందు ఎంతమందికి గుచ్చిందో ఆ సూది, నాకూ అదే గుచ్చాడు. సిరా ఒక సోడాబుడ్డి మూతలో ఉంది. అందరికీ అదే మూత.

నా పదిహేడో ఏట బావకు వేరే సంబంధం కుదిరింది. ఎవరి కారణాలు వారివి. ఇప్పుడు బావా వాళ్ళూ మా ఇంటికి వస్తూ పోతూనే ఉంటారు. పేరు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. నాకు సంబంధాలు చూడటం మొదలెట్టాక, ఎవరో చెప్పారని మా అమ్మ సున్నమూ చాకలి సోడా కలిపి నూరి ఆ పేరు మీద పట్టీ వేసి కట్టింది. తెల్లారేసరికి చెయ్యి కాలి బొబ్బలెక్కింది. పుండు పడి మానడానికి రెండు నెలలు పట్టింది. మొదటి అక్షరం ఉన్నచోట ఇప్పుడు మెరిసే మచ్చ ఉంది. మిగతా రెండక్షరాలూ శుభ్రంగా ఉన్నాయి. పెళ్ళయిన మూడోనాడు మావారికి చూపించి ఏడిచాను. ఆయన ఆ రెండక్షరాలూ కలిపి చదివి, "దీనికి అర్థమే లేదు కదా, ఎందుకేడుస్తావు?" అన్నారు.

ఇదంతా ఆ ఆదివారం సాయంత్రం మా అమ్మాయికి మొదటిసారి చెప్పాను. అది చాలాసేపు నా చెయ్యి పట్టుకు చూసింది. చివరికి, "అమ్మా, నీకు ఎవరో వేయించారు. నాకు నేను వేయించుకుంటానంటున్నాను. రెండూ ఒకటేనా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకని, ఊరికే వద్దనే బదులు, అసలీ పచ్చబొట్టు సంగతేమిటో తెలుసుకుందామని బయల్దేరాను. మాకు తెలిసిన చర్మవ్యాధుల డాక్టరమ్మగారిని అడిగాను. మా అమ్మాయితో కలిసి ఒక టాటూ స్టూడియోకి కూడా వెళ్ళాను. టెన్తు దాకా చదివినదాన్ని, నాకు బోధపడినంత మీకు చెబుతాను.

మొదట అసలు పచ్చబొట్టు ఎందుకు చెరగదు? గోరింటాకు పది పదిహేను రోజుల్లో వెలిసిపోతుంది కదా, ఇదెందుకు పోదు? మన చర్మానికి పైపొర ఒకటి, దాని కింద అడుగుపొర ఒకటి ఉంటాయి. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ, సుమారు నెల రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. గోరింటాకు రంగు ఆ పైపొరలోనే ఆగిపోతుంది గనక దాంతోపాటే రాలిపోతుంది. వాకిట్లో వేసిన ముగ్గులాంటిదన్నమాట. పచ్చబొట్టు సూది పైపొర దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, అడుగుపొరలో రంగును వదులుతుంది. గచ్చు ఆరకముందు దాని మీద కాలు వేస్తే ఆ అడుగు అలాగే ఉండిపోతుంది చూడండి, ఇది అలాంటిది.

ఇంకో విచిత్రం చెప్పారు డాక్టరమ్మగారు. ఒంట్లోకి పరాయి పదార్థం ఏదొచ్చినా మింగేసే కణాలు మన చర్మంలో ఉంటాయి. మాక్రోఫేజ్‌లంటారు. రంగు రేణువులు లోపలికి రాగానే అవి వచ్చి మింగేస్తాయి. కాని అరిగించుకోలేవు. ఎక్కడ పారెయ్యాలో తెలియక చెత్తను కొంగున ముడేసుకు కూర్చున్న ఇల్లాలిలా, రంగును కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. మరి ఆ కణం చచ్చిపోతే? ఆ ముడి కోడలు అందుకుంటుంది! చచ్చిన కణంలోంచి బయటపడ్డ రంగును కొత్తగా వచ్చిన కణం మళ్ళీ మింగుతుంది. ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద ప్రయోగాలు చేసి 2018లో ఈ సంగతి బయటపెట్టారు. అంటే నా చేతి మీద ఆ రెండక్షరాల్నీ ఇన్నేళ్ళుగా నా ఒళ్ళే ఒకరి తర్వాత ఒకరికి అప్పజెబుతూ కాపాడుతోందన్నమాట. ఏమనాలి చెప్పండి!

పెట్టేది నల్లటి మసి అయితే పచ్చబొట్టు అని ఎందుకన్నారో కూడా అడిగాను. మన రక్తం ఎర్రగా ఉన్నా ముంజేతి నరాలు పచ్చగా, నీలంగా కనిపిస్తాయి కదా. అదే కారణం. చర్మం పొర అడ్డంగా ఉండి చూడటంవల్ల నలుపు కాస్తా నీలీ పచ్చా కలిసినట్టు కంటికి ఆనుతుంది.

వెనకటి రోజుల్లో ఇది పూర్తిగా ఆడవాళ్ళ మధ్య పని. పొడిచేదీ ఆడదే, ఎక్కువగా పొడిపించుకునేదీ ఆడదే. ఎరుకల ఆడవాళ్ళు గంప నెత్తినబెట్టుకుని వీధివీధీ తిరిగేవారు. ఆదిలాబాదు ప్రాంతంలో గోండుల ఇళ్ళకు తోటి తెగ స్త్రీలు వచ్చి పొడిచేవారు. మా అత్తగారికి ఆ తేలు పొడిచిన మనిషి మూడు సూదులు దారంతో కట్టిందట. ఆముదం దీపం మసిని ఏదో ఆకు పసరులో రంగరించింది. కొన్నిచోట్ల చంటిపిల్ల తల్లి పాలతో కలిపేవారట. పొడుస్తున్నంతసేపూ ఆవిడ పాట పాడుతూనే ఉందిట, ఈవిడ ధ్యాస నొప్పి మీదికి పోకుండా. అయిపోయాక పైన పసుపు అద్దింది. మానెడు బియ్యం, ఒక పాత చీర పుచ్చుకుని వెళ్ళిపోయింది. "నగలైతే దొంగలు ఎత్తుకుపోతారు, పోయేటప్పుడు పిల్లలు తీసేసుకుంటారు, ఇదొక్కటే కూడా వచ్చేది" అందిట. ఈ నమ్మకం మన దేశంలో చాలాచోట్ల ఉంది. బంగారం కొనుక్కోలేని ఇంటి ఆడపిల్లకు ఇదొక నగ. మోకాళ్ళ నొప్పులకనీ, దిష్టి తగలకుండాననీ పొడిపించుకున్న వాళ్ళూ ఉన్నారు. నొప్పులు తగ్గాయో లేదో గాని, మా అత్తగారు ఆ పాట మాత్రం మరిచిపోలేదు.

ఇది మన దేశానికే పరిమితమైన ముచ్చట కాదు. 1991లో ఆల్ప్స్ కొండల మంచులో ఒక మనిషి శవం దొరికింది. సుమారు 5,300 ఏళ్ళ కిందటి మనిషి. అతని ఒంటి మీద 61 పచ్చబొట్లు లెక్కపెట్టారు. టాటూ అనే మాట కూడా పసిఫిక్ సముద్రం ద్వీపాల వాళ్ళది. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తహితి ద్వీపానికి వెళ్ళినప్పుడు ఇంగ్లీషువాళ్ళు అక్కడ విని పట్టుకొచ్చారు. ఫిలిప్పీన్సులో కళింగ అనే కొండప్రాంతం ఉంది (మన కళింగ కాదు లెండి). అక్కడి బుస్కలాన్ అనే ఊళ్ళో వాంగ్ ఓద్ అనే అవ్వ ఉంది. 1917లో పుట్టింది. నిమ్మజాతి చెట్టు ముల్లును వెదురుపుల్లకు గుచ్చి, మసిలో ముంచి, చిన్న కర్రతో తడుతూ పచ్చబొట్లు వేసి పేరు తెచ్చుకుంది. 106 ఏళ్ళ వయసులో, 2023 ఏప్రిల్లో, వోగ్ పత్రిక ఫిలిప్పీన్సు సంచికకు ఆవిడ ముఖచిత్రం వేశారు. పెద్దతనం మీదపడ్డాక వచ్చినవాళ్ళందరికీ మూడు చుక్కలు మాత్రం పెట్టడం మొదలుపెట్టింది, అదే ఆవిడ సంతకం. తోబుట్టువుల మనవరాళ్ళకు ఆ విద్య నేర్పింది. న్యూజిలాండులో మావోరీ స్త్రీలు గడ్డం మీద పొడిపించుకుంటారు. ననాయా మహుటా అనే పార్లమెంటు సభ్యురాలు 2016లో అలా పొడిపించుకుని, 2020లో ఆ దేశపు విదేశాంగ మంత్రి అయింది. ఆ ముఖంతోనే దేశదేశాల వాళ్ళతో మాట్లాడింది.

ఇదంతా విని మా అమ్మాయి నాకేసి గెలిచినట్టు చూసింది. కాని దీనికి రెండో వైపు కూడా ఉంది. తెల్లదొరల కాలంలో బెంగాలు, మద్రాసు ప్రాంతాల్లో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరం పచ్చబొట్టుగా పొడిపించేవారు. 1849లో ఆ పద్ధతి తీసేశారు. తీసేశారు సరే, 1993లో అమృతసర్‌లో పోలీసులు నలుగురు ఆడవాళ్ళ నుదుటి మీద "జేబుదొంగ" అని బలవంతాన పొడిపించారు. కోర్టు ఆ పోలీసులను దోషులని తేల్చేసరికి 2016 వచ్చింది. అదే సూది, అదే మసి. వాంగ్ ఓద్ దగ్గరికి జనం కొండలెక్కి వెళతారు. ఆ నలుగురు ఆడవాళ్ళు నుదురు కప్పుకుని బతికారు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు నాకు జవాబు ఇక్కడ దొరికినట్టనిపించింది. రెండూ ఒకటి కావు. కావు గనకనే, ఎవరి ఇష్టంతో అన్నది తేలాక, మిగిలిన సంగతులు చూసుకోవాలి.

ఇక స్టూడియో సంగతి. నేను ఏదో చీకటి కొట్టు, జులపాలవాళ్ళు, సిగరెట్ల పొగ అనుకుంటూ వెళ్ళాను. తీరా చూస్తే పళ్ళ డాక్టరు గదిలా ఉంది. టాటూలు వేసేది ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి. బొమ్మలు గీయడం చదువుకుని వచ్చిందట. "రండి ఆంటీ, కూర్చోండి" అని మంచినీళ్ళిచ్చింది. మొదట ఏడాదిపాటు మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యలేదట. రబ్బరు తోలు మీదా, బత్తాయి పళ్ళ మీదా సాధన చేసిందట. బత్తాయి తొక్కలోంచి రసం బయటికి రాకుండా గీత గీస్తేనే చెయ్యి కుదిరినట్టు!

ఆ మెషీను కథ కూడా తమాషాగా ఉంది. ఎడిసన్ కాగితాలకు నకళ్ళు తియ్యడానికి కరెంటు కలం ఒకటి చేసి 1876లో పేటెంటు తీసుకున్నాడు. సూది టకటకా పైకీ కిందికీ ఆడుతూ కాగితానికి చిల్లులు పొడుస్తుంది. దాన్ని చూసి న్యూయార్కులో ఓ'రైలీ అనే ఆయన 1891లో పచ్చబొట్టు మెషీనుకు పేటెంటు తీసుకున్నాడు. మన కుట్టుమిషను సూదిని తలుచుకోండి. అయితే ఇది సెకనుకు యాభై సార్లకు పైనే గుచ్చుతుంది.

అక్కడికొచ్చే వాళ్ళది ఒక ప్రత్యేక ప్రపంచం. ఒకబ్బాయికి భుజం నుంచి మణికట్టు దాకా చెయ్యంతా బొమ్మలే. మూడేళ్ళు పట్టిందట. ఆఫీసుకు పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళతాడట, నాలాగే! ఒకటి వేయించుకున్నవాళ్ళకు రెండోదాని మీదికి మనసు పోతుందనీ, సూది చప్పుడు వింటే చెయ్యి దురద పెడుతుందనీ చెప్పాడు. వాళ్ళకీ కొన్ని మర్యాదలున్నాయి. ఇంకొకరి ఒంటి మీద బొమ్మను యథాతథంగా కాపీ కొట్టమని అడగకూడదు. అది ఇంకొకరి కథ. కూరగాయల బేరం ఆడకూడదు. చదరపు అంగుళానికి ఇంతని లెక్క, స్థలం కొన్నట్టే. ఖాళీ కడుపుతో రాకూడదు, కళ్ళు తిరుగుతాయి. ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, పోయిన భార్య సంతకం వేయించుకోవడానికి వచ్చారు. చిట్టీ పుస్తకంలో ఆవిడ చేసిన సంతకం కాగితం చించి జేబులో తెచ్చుకున్నారు. ఆయన్ను చూసి నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

"అన్నిటికన్నా ఎక్కువగా ఏం వేయించుకుంటారమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను. "పేర్లు ఆంటీ. అన్నిటికన్నా ఎక్కువగా చెరపమని అడిగేవీ పేర్లే" అంది. చెరపడం ఆమె పని కాదు, పాతదాని మీద ఇంకో బొమ్మ వేసి కప్పేస్తుంది. కుర్రకారు ప్రేమించినవాళ్ళ పేరు వెయ్యమని వస్తే ఆరు నెలలాగి రమ్మంటుందట. సగానికి సగం మంది తిరిగి రారట. కప్పడానికి పాతదానికన్నా పెద్ద బొమ్మ, ముదురు రంగు కావాలని కూడా చెప్పింది. అది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఇంకా కొందరికి ఇది సోకు కాదు. రొమ్ము క్యాన్సరు ఆపరేషను అయినవాళ్ళకు, కొత్తగా అమర్చిన రొమ్ము మీద చనుమొన రంగును ఈ పద్ధతిలోనే వేస్తారు. తెల్ల బొల్లి మచ్చల మీద చర్మం రంగు నింపుతారు. అలాంటివి మాత్రం డాక్టరు సలహాతోనే.

ఇప్పుడు అసలు భయం, రోగాల సంగతి. రక్తం అంటిన సూది నుంచి హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రావచ్చు. నా చింతచెట్టు కింద మెషీను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నాకేమీ కాలేదంటే అది అదృష్టం, మరేమీ కాదు. డాక్టరమ్మగారు పరీక్ష చేయించుకోమంటే మొన్ననే చేయించుకున్నాను. మీలో ఎవరికైనా తిరునాళ్ళ పచ్చబొట్టు ఉంటే మీరూ ఒకసారి చేయించుకోండి. హెపటైటిస్ సి ఏళ్ళతరబడి పైకి కనిపించకుండానే కాలేయాన్ని తినేస్తుంది. ఇప్పుడు దానికి నయం చేసే మాత్రలున్నాయి.

అందుచేత మీ పిల్లలు వెళతామంటే మీరు కూడా వెళ్ళండి, వెళ్ళి చూడండి. సూది కొత్త ప్యాకెట్లోంచి, మీ కళ్ళ ముందు విప్పాలి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, పాల ప్యాకెట్ మీద చూస్తాం కదా. రంగు సీసాలోంచి నేరుగా ముంచకూడదు. చిన్న మూతల్లో పోసుకుని, పని అయ్యాక మిగిలింది పారెయ్యాలి. సీసాలో తిరిగి పోస్తున్నారా, లేచి వచ్చెయ్యండి. చేతులకు కొత్త గ్లౌజులు. మధ్యలో ఫోను ముట్టుకుంటే మళ్ళీ మార్చాలి. మళ్ళీ వాడే సామాను ఉంటే ఆటోక్లేవులో పెట్టారా అని అడగండి. ఆటోక్లేవు అంటే మరేం లేదు, మన ప్రెషరు కుక్కరుకు అక్కగారు. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ వేడికి కొన్ని మొండి క్రిములు చావవు. ఆవిరిని బిగించి వత్తిడి పెంచితే 121 డిగ్రీలకు వెళుతుంది. ఆ వేడిలో పావుగంటకు పైన ఉంచితే అవీ చస్తాయి. "వేడినీళ్ళలో కడిగామండీ" అంటే చాలదన్నమాట. అలాగని ఇంట్లో కుక్కరులో సూదులు ఉడికించి ఎవరో స్నేహితురాలి చేత పొడిపించుకుంటామంటే ససేమిరా ఒప్పుకోకండి.

పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు మంచి స్టూడియోల్లో వెయ్యరు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ ఆగడం మంచిది. షుగరు అదుపులో లేనివాళ్ళూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళూ డాక్టరును అడగందే వద్దు. చెవి కుట్టించిన చోట గానీ, ఏదైనా గాయం మానిన చోట గానీ మచ్చ ఉబ్బి గట్టిగా పెరిగే స్వభావం మన వాళ్ళలో కొందరికి ఉంటుంది. అలాంటివారు పచ్చబొట్టు జోలికి పోకపోవడమే మేలు, అది కూడా అలాగే ఉబ్బవచ్చు. రంగుల్లో ఎరుపు పడనివాళ్ళు ఎక్కువట. యూరపు దేశాల్లో 2022 జనవరి నుంచి టాటూ రంగుల్లో వాడే ఎన్నో రసాయనాల మీద ఆంక్షలు పెట్టారు.

అన్నట్టు, పెళ్ళిళ్ళలో "నల్ల మెహందీ, గంటలో పండుతుంది" అని పెడుతుంటారు చూడండి, అది గోరింటాకు కానే కాదు. జుట్టుకు వేసే రంగులోని రసాయనం కలుపుతారు. బొబ్బలెక్కిన చేతులు డాక్టరమ్మగారు చాలా చూశారట. ఒకసారి పడకపోతే తర్వాత జుట్టు రంగు కూడా జన్మలో పడదు.

వేయించుకున్నాక అది పుండు అనే లెక్క. రెండు మూడు వారాలు జాగ్రత్తగా చూసుకోవాలి. మంచి సబ్బుతో మెల్లగా కడిగి, అద్ది, వాళ్ళు చెప్పిన పూత పల్చగా రాయాలి. పొక్కు కడుతుంది, దురద పెడుతుంది, గీరకూడదు. చెరువు స్నానాలు, ఈతలు, ఎండ పనికిరావు. మనం మాత్రం వంటింట్లోంచి పసుపు, కొబ్బరినూనె, కాఫీపొడి పట్టుకుని పరిగెత్తకూడదు. ఎర్రబడి, వాచి, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికే.

వేయించుకున్న తేదీ నుంచి పన్నెండు నెలల దాకా రక్తదానం చెయ్యకూడదు. సైన్యంలో చేరాలనుకునే పిల్లలు ఇంకో సంగతి చూసుకోవాలి. మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపునా, అరచేతి వెనకవైపునా ఉన్న పచ్చబొట్లకు తప్ప ఒప్పుకోరు. ఆచారంగా పొడిపించుకునే గిరిజన తెగలకు మాత్రం మినహాయింపు ఉంది. పద్దెనిమిదో ఏట మెడ మీద సీతాకోకచిలుకను వాలనిచ్చేవాళ్ళు ఈ మాట ముందే ఆలోచించుకోవాలి.

ఇక తీయించడం. ఇది నా కోసం అడిగాను. సున్నం, సోడా, ఉప్పు, ఆసిడ్, జీడిరసం ఏవీ పనిచెయ్యవు. అవి చర్మాన్ని కాలుస్తాయి, రంగు అడుగున అలాగే ఉంటుంది, నా చెయ్యే సాక్ష్యం. చర్మవ్యాధుల డాక్టర్లు లేజరుతో తీస్తారు. సెకనులో వంద కోట్లో వంతు లెక్కన ఆ వెలుగు దెబ్బ తగిలి, రంగు రేణువులు నలిగి ముక్కలవుతాయి. అప్పుడు ఇందాక చెప్పానే, కొంగున ముడేసుకున్న ఇల్లాలు, ఆమె ఆ చిన్న ముక్కల్ని మోసి పారెయ్యగలుగుతుంది. ఒక్కసారితో అయిపోదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చొప్పున, చాలాసార్లు వెళ్ళాలి. ఏడాది పైన పడుతుంది. వేయించుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు అవుతుంది. నలుపు తేలిగ్గా పోతుంది, పసుపూ ఆకుపచ్చా మొండికేస్తాయి. మన చామనఛాయ ఒళ్ళ మీద తెల్ల మచ్చలు గానీ నల్ల మచ్చలు గానీ మిగలవచ్చు. అందుకని బ్యూటీ పార్లర్లలో చేయించుకోకండి.

స్టూడియో అమ్మాయి నా మచ్చను దీపం కింద పెట్టి చూసింది. కాలిన చర్మం మీద రంగు సరిగ్గా నిలవదనీ, ఆ మచ్చను వదిలేసి మిగతా రెండక్షరాల మీదుగా ఒక తీగ పాకించవచ్చనీ కాగితం మీద గీసి చూపించింది. మల్లెతీగ. మా అమ్మాయికి దానికి కావలసింది గీసి ఇచ్చింది. మా అత్తగారి తేలును ఫోనులో ఫొటో తీసుకొచ్చిందిది, నాకు తెలియకుండా! ఆ అమ్మాయి తేలు కాళ్ళు సరిచెయ్యబోతే మా పిల్ల ఒప్పుకోలేదు. నాయనమ్మకు ఎలా ఉంటే అలాగే కావాలట. ఒక కాలు పొట్టిదే.

ఆ రోజు ఎవరికీ ఏమీ వెయ్యలేదు. రెండు కాగితాలూ రోజూ కంటబడే చోట అతికించుకుని, ఆరు నెలల తర్వాత కూడా నచ్చితేనే రమ్మంది. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపుకు అతికించాం. మావారు మంచినీళ్ళ సీసా తీసుకుంటూ ఆ తీగ ఎవరిదని అడిగారు. నాదన్నాను. "ఇన్నేళ్ళకా?" అన్నారు. "నీ ఇష్టం" అని సీసా పట్టుకుని వెళ్ళిపోయారు. మా అత్తగారు తన తేలును ఫ్రిజ్ మీద చూసి, అసలు ఆ సూది పట్టిన మనిషికి తేలు వెయ్యడం రాదనీ, తను అడిగింది తులసికోట అనీ ఇప్పుడు చెబుతున్నారు.

ఇంకా అయిదు నెలలుంది.